మా అమ్మ మాటకి దుబాసీని

పక్షవాతం వచ్చి నాలుక మొద్దుబారిన తర్వాత మా అమ్మ మాట ఈ భూమ్మీద ఒక్కడికే అర్థమయ్యేది. ఆ ఒక్కడూ నేనే. ఆసుపత్రి నుంచి పంపించే రోజున నరాల డాక్టరు గదిలో, అమ్మ ముద్దముద్దగా అంటున్న ప్రతి మాటనీ నేను చకచకా హిందీలోకీ, ఇంగ్లీషులోకీ మార్చి చెబుతుంటే ఆయన పెన్ను కింద పెట్టేసి, "సార్, మీరు వారానికోసారి వచ్చి మా జూనియర్లకి పాఠం చెప్పాలి" అని బతిమాలాడు.

అంత లేదు. నేను తర్జుమా మొదలుపెట్టగానే ఆయన "అంకుల్, పేషెంటుని మాట్లాడనివ్వండి" అన్నాడు. రెండోసారి "అంకుల్, మీరు కాసేపు బయట కూర్చుంటారా" అన్నాడు. కూర్చున్నాను.

అర్థమయ్యేదన్నది మాత్రం నిజం. మొత్తం కాదు, పదిలో నాలుగు మాటలు. మిగతా ఆరూ నేనే పూరించేవాణ్ణి. కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో పైఅధికారులు సగం రాసి వదిలేసిన నోట్లని పూర్తిచేస్తూ ముప్ఫై ఆరేళ్ళు బతికినవాణ్ణి. ఆరు మాటలు నాకొక లెక్కలోవి కావు.

అప్పటికి నాకు డెబ్భై ఒకటి, అమ్మకి తొంభై రెండు. ఢిల్లీ ఆర్.కె. పురంలో ప్రభుత్వ క్వార్టర్ ఖాళీ చేశాక ద్వారకాలో కొనుక్కున్న మూడో అంతస్తు ఫ్లాటు మాది. లిఫ్టు లేదు. ఆసుపత్రి నుంచి స్ట్రెచర్ మీద పైకి ఎక్కించాక అమ్మ రెండేళ్ళు నేల చూడలేదు. కుడివైపు పూర్తిగా పడిపోయింది. ఎడమచేతికి మాత్రం రెండు చేతుల బలమూ వచ్చి చేరింది. స్పూను విసిరికొట్టడానికీ, జడ అందితే లాగడానికీ, నన్ను గిల్లడానికీ ఆ ఒక్క చెయ్యే చాలు.

మా బ్లాకు పార్కులో నా ఈడు ముసలివాళ్ళతో బెంచీ మీద కూర్చుని, అమ్మకి అన్నీ నేనే చేస్తున్నానని చెప్పేవాణ్ణి. స్నానం నేనే, గోళ్ళు నేనే, వీపు మీద పుండ్లు పడకుండా పౌడరు అద్దడం నేనే. ఒకాయన విని కళ్ళు తుడుచుకున్నాడు కూడా. నిజానికి స్నానమూ గోళ్ళూ జార్ఖండ్ నుంచి వచ్చిన అటెండెంటు చేసేది. పొద్దున్న ఎనిమిదికి వచ్చి సాయంత్రం ఏడుకి వెళ్ళే ఆమెని మేము దీదీ అనేవాళ్ళం. ఆమె లేనప్పుడు డైపర్లు మార్చేది మా ఆవిడ. నా వంతు, అమ్మని పక్కకి తిప్పేటప్పుడు దుప్పటి రెండో కొస పట్టుకోవడం, పక్కన కూర్చోవడం, దుబాసీతనం. ప్రేమగా చూసుకున్నానని కూడా అనను. కోపంగా చూసుకున్నాను. డెబ్భై దాటినవాడికి నడుం వంచిన ప్రతిసారీ ప్రేమ పుట్టదు.

దుబాసీతనంలో ఉన్న సుఖం ఇంకెందులోనూ లేదు. ఒళ్ళు తుడుస్తున్న దీదీని చూసి అమ్మ ఏదో అనేది. "క్యా బోల్ రహీ హై అంకుల్?" అని దీదీ అడిగేది. "నువ్వు చాలా మంచిదానివంటోంది" అని హిందీలో చెప్పేవాణ్ణి. దీదీ రెండు చేతులూ జోడించి "మాతాజీ కో లంబీ ఉమర్ మిలే" అని నిండు నూరేళ్ళు దీవించేది. అసలు అమ్మ అన్నది, "దీని చేతులు మొద్దు, నన్ను పిండిలా పిసికేస్తోంది, పంపించెయ్యి" అని. దీదీ మానేస్తే ఆ పని ఎవరి మెడకి చుట్టుకుంటుందో నాకు తెలుసు.

అక్కడితో ఆగితే బాగుండేది. మా ఆవిడ సీరియల్ చూస్తుంటే "అమ్మ వార్తలు పెట్టమంటోంది" అనేవాణ్ణి. ఒకరోజు వంటింట్లోంచి బీరకాయ వాసన వచ్చింది. గదిలోంచే కేకేశాను.

"అమ్మకి గుత్తొంకాయ కూర తినాలనుందంట!"

మా ఆవిడ గరిటెతో సహా గుమ్మంలోకి వచ్చింది. "ఎవరికి?"

"అమ్మకి."

"ఆవిడకి పళ్ళు లేవు. మింగుడు పడట్లేదని రాగి జావ కూడా వడగట్టి పోస్తున్నాం. గుత్తొంకాయ ఎలా తింటారంట?"

"తిననక్కర్లేదు, చూస్తే చాలంటోంది పాపం."

"అలాగే. వండి, చూపించి, తీసుకొచ్చేస్తాను. మీరు ముట్టుకున్నారంటే చెయ్యి విరగ్గొడతాను."

అన్నంత పనీ చేసింది. వండింది, గిన్నె తెచ్చి అమ్మ ముందు ఒక క్షణం పెట్టింది, తీసుకుపోయి ఎదురింటివాళ్ళకి ఇచ్చేసింది. నాకు బీరకాయ వడ్డించింది. అమ్మ మూతి సగమే కదులుతుంది కదా, ఆ సగంతోనే నవ్వింది. అమ్మకి మాట పోయింది గానీ బుర్ర పోలేదని ఇక్కడే చెప్పాలి. ఎవరు ఏమన్నా అర్థమయ్యేది. తర్వాత జరిగిందాంట్లో నా తప్పు ఎంత పెద్దదో తెలియాలంటే ఆ సంగతి ముందు తెలియాలి.

నాకొక తమ్ముడున్నాడు. నాకంటే అయిదేళ్ళు చిన్న. వైమానిక దళంలో చేసి రిటైరయ్యి గురుగ్రామ్‌లో లిఫ్టులూ, తోటా, గేటు దగ్గర సెల్యూట్ కొట్టే గార్డులూ ఉన్న సొసైటీలో ఉంటాడు. మా ఇంటినుంచి వాళ్ళింటికి టాక్సీలో గంట. ఆ గంట ప్రయాణం ఆరేళ్ళుగా మాలో ఎవడూ చెయ్యలేదు. అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు కూడా, నేను పొద్దున్న వెళ్తే వాడు సాయంత్రం వచ్చేవాడు. ఆ వేళలు మా ఆవిడే కుదిర్చింది.

గొడవ నాన్న అస్థికల దగ్గర వచ్చింది. ఆరేళ్ళ క్రితం నాన్న పోయినప్పుడు పెద్దకొడుకుగా తలకొరివి నేను పెట్టాను. మూడోరోజున తమ్ముడు, గఢ్‌ముక్తేశ్వర్ దగ్గరే కదా, గంగలో కలిపి సాయంత్రానికి వచ్చేద్దాం అన్నాడు. అని ఊరుకున్నాడా, ఎన్నింటికి బయల్దేరాలో, ఎవరు ఏ కారులో కూర్చోవాలో కాగితం మీద రాసుకొచ్చి అందరికీ చదివి వినిపించాడు. గోదావరి నీళ్ళు తాగి పెరిగిన మనిషిని గోదావరిలోనే కలపాలి అన్నాను నేను. నిజం చెప్పాలంటే వాడు గోదావరి అనుంటే నేను గంగ అనేవాణ్ణి. మర్నాడు పొద్దున్న ఎవరికీ చెప్పకుండా కలశం తీసుకుని రైలెక్కాను. జనరల్ బోగీలో, నాన్నని ఒళ్ళో పెట్టుకుని, పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా, కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే రాజమండ్రి దాకా వెళ్ళాను.

ఏసీ బోగీలో వెళ్ళాను. కలశం సీటు కింద సంచిలో ఉంది. నాగపూర్ దగ్గర రెండు ప్లేట్ల పులావు తిన్నాను.

గోదావరిలో కలిపి గట్టెక్కాక ఇంటికి ఫోను చేశాను. అమ్మ పక్కనే కూర్చునున్న తమ్ముడు ఎత్తాడు. "అయిపోయింది" అన్నాను.

 "నాన్నని దొంగతనంగా ఎత్తుకుపోయావు. సరే. అమ్మ ఉందిగా ఇంకా. అమ్మకి చెయ్యాల్సింది నేను. అప్పుడు చూసుకుందాం" అని పెట్టేశాడు. మా వైపు తండ్రికి పెద్దకొడుకూ తల్లికి చిన్నకొడుకూ కొరివి పెడతారు. వాడు చెప్పింది ఆచారమే. కానీ ఆ మాట పక్కనున్న అమ్మ కూడా విన్నదని నేను ఆలోచించలేదు.

ఆ మాట నాలో ముల్లులా ఉండిపోయింది. అమ్మకి జబ్బు చేశాక ఇంకా లోతుకి దిగింది. పక్కదుప్పటి మార్చిన ప్రతిసారీ అదే గుర్తొచ్చేది. బతికున్నన్నాళ్ళూ చాకిరీ మాది. పోయిన రోజున వాడు తెల్లపంచె కట్టుకుని దిగుతాడు. కుండ పట్టుకుని ముందు నడిచేది వాడు, వాడి వెనక నడిచేది నేను. "వెళ్ళిపోయాక వచ్చి హక్కులంటాడు, ఉన్నప్పుడు ఒక్క రాత్రి కాపలా ఉన్నాడా?" అని మా ఆవిడతో అనేవాణ్ణి. "రానిస్తే కదా ఉండటానికి" అనేది ఆవిడ. ఈ ఇంట్లో నా పక్షాన ఎవరూ లేరని అప్పుడే తేలిపోయింది.

ఆదివారం ఆదివారం వాడు మా ఆవిడ ఫోనుకి వీడియో కాల్ చేసేవాడు. ఆవిడ ఫోను అమ్మ మొహం ముందు పెట్టేది. నేను తెరలో కనపడకుండా, తెర నాకు కనపడకుండా మంచం తలవైపు నుంచునేవాణ్ణి. అమ్మ ఏదైనా అంటే వాడు, "వదినా, ఏమంటోంది?" అనేవాడు. మా ఆవిడ నా వంక చూసేది. నేను కనపడకుండానే తర్జుమా చేసేవాణ్ణి. "బాగానే ఉన్నానంటోంది." వాడు "సరే వదినా" అనేవాడు. గొంతు ఎవరిదో తెలియనట్టు.

ఏప్రిల్లో ఒకరోజు నాలుగింటికి టీ తాగించాక అమ్మ నా మణికట్టు పట్టుకుంది. ఏదో చెప్పాలని మొదలుపెట్టి, ఆగి, మళ్ళీ మొదలుపెట్టింది. మూడోసారికి వచ్చింది. "చిన్నోడి... దగ్గిరికి... పంపు."

పదిలో నాలుగు అర్థమవుతాయన్నాను కదా, ఇది ఆ నాలుగులోది. ఇంతకంటే స్పష్టంగా అమ్మ ఆ రెండేళ్ళలో ఏదీ అనలేదు. గిన్నె తీస్తున్న దీదీ, "క్యా బోలీ మాతాజీ?" అంది.

"గావ్ జానా చాహ్తీ హై" అన్నాను. ఊరు వెళ్తానంటోందని.

దీదీ నాలుక చప్పరించింది. ముసలివాళ్ళు ఊరు వెళ్తానంటే ఎవరైనా నమ్ముతారు, ఎవరూ తిరిగి ప్రశ్న వెయ్యరు. సాయంత్రం పార్కులో చెబితే బెంచీ మొత్తం నిట్టూర్చింది. ఒక్కొక్కరూ వాళ్ళ వాళ్ళ ఊళ్ళ పేర్లు చెప్పుకున్నారు. మాకసలు ఊరంటూ లేదు. నాన్న తాలూకాఫీసు గుమాస్తా. రెండేళ్ళకో బదిలీ, అద్దె ఇళ్ళు. ఏ ఊరు వెళ్తానంటోంది అని ఎవరైనా అడిగుంటే నేను దొరికిపోయేవాణ్ణి.

అమ్మ మాత్రం నా వంక అలాగే చూస్తూ ఉండిపోయింది. ఇరవై ఏళ్ళు ఢిల్లీలో కూరలబండి వాడితో కొసరు కోసం పోట్లాడిన మనిషి. గావ్ అంటే ఏమిటో ఆవిడకి తెలియదా? తను ఏమందో, నేను ఏమని చెప్పానో రెండూ విన్నది. విని, దిద్దడానికి నోరు లేక, నా చెయ్యి గిల్లింది. రక్తం వచ్చింది.

రక్తం రాలేదు. ఎర్రగా కందింది. వచ్చుంటే బాగుండేది.

ఆ తర్వాత రోజూ నాలుగింటికి అదే మాట. నాకు ఒళ్ళు మండిపోయేది. ఇన్నేళ్ళుగా మా దగ్గర ఉండి, మా ఆవిడ చేత ఒళ్ళు తుడిపించుకుని, మా అన్నం తిని, వాడి కోసం కలవరిస్తుందా? వాడేం చేశాడని? ఆదివారం పది నిమిషాలు తెరలో కనపడ్డాడు. అంతేగా? "పంపుతాలే" అని విసుక్కునేవాణ్ణి. "ఎండలు తగ్గనీ" అనేవాణ్ణి. తర్వాత "వానలు తగ్గనీ". ఒకసారి మరీ కోపమొచ్చి, "వాడికి నువ్వు అక్కర్లేదు, అందుకే రావట్లేదు" అనేశాను. ఆ మాట వాడు అనలేదు, ఎవరూ అనలేదు. అమ్మ ఆరోజు జావ తాగలేదు.

ఆదివారం ఫోన్లో కూడా అదే అడిగేది. వాడిని చూస్తూనే, వాడితోనే. వాడికి ముద్దముద్దగా చప్పుడు తప్ప ఏమీ తెలిసేది కాదు. "ఏమంటోంది వదినా?"

నేను తలవైపు నుంచి, "ఊరు వెళ్తానంటోంది."

"పాపం" అనేవాడు వాడు. "ఈ స్థితిలో ఎలాగమ్మా? ముందు కోలుకో."

గోదావరి వైపు ఏదో ఊరనుకునేవాడేమో, ఏ ఊరని వాడూ అడగలేదు. అమ్మ చూపు తెర మీంచి నా మీదికి వచ్చేది. ఇలా ఎనిమిది నెలలు.

డిసెంబరులో పొగమంచు దట్టంగా కమ్మి అమ్మ ఛాతీ పట్టేసింది. సందు చివర క్లినిక్ డాక్టరు మెట్లెక్కి వచ్చి, ఇంజక్షన్ చేసి, ఆక్సిజన్ మిషన్ పెట్టించి, వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర "తగ్గచ్చు. కానీ ఈ చలికాలం గట్టెక్కుతుందని నేను చెప్పలేను. చూడాల్సినవాళ్ళు ఎవరైనా ఉంటే పిలిపించండి" అన్నాడు. "ఎవరూ లేరండీ" అన్నాను.

తలుపు వేసి వెనక్కి తిరిగితే మా ఆవిడ ఫోను చేతిలో పట్టుకుని నుంచునుంది.

"మీ తమ్ముడికి చేస్తున్నాను."

"అక్కర్లేదు. వాడొచ్చి ఇక్కడ ఆర్డర్లు వేస్తాడు."

"అత్తయ్యగారు ఆయన దగ్గరికి వెళ్తానంటుంటే మీరు ఊరూ ఊరూ అని ఎన్నాళ్ళు కథలు చెబుతారు?"

నేను అమ్మ గది తలుపు దగ్గరగా వేశాను.

"మీకొక్కరికే అర్థమవుతుందనుకున్నారా? పొద్దున్నించీ రాత్రిదాకా ఆవిడ పక్కనుండేది ఎవరు? నాకు చెవులు లేవా? మే నెల్లోనే అర్థమైంది."

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"మీ నోటితో మీరే చెబుతారని చూశాను." "అదొక్కటే కాదులెండి. నాకూ మండింది. ఇన్నేళ్ళు నా చేత చేయించుకుని, చివరికి అక్కడికి పంపమంటే నాకు మాత్రం ఎలా ఉంటుంది? అందుకే నేనూ ఊరుకున్నాను. ఇంక ఊరుకోను. రేపు ఆవిడకేదైనా అయితే ఈ పాపంలో సగం నేను మొయ్యలేను, మీ సగం మీరు మోసుకోండి."

ఫోను చేసింది.

మర్నాడు పొద్దున్న పదింటికి వాడు వచ్చాడు. ఆరేళ్ళలో జుట్టు మొత్తం పోయింది. అది చూసి నాకు కలిగిన సంతోషం ఇక్కడ రాయకపోతే మిగతాదంతా అబద్ధమవుతుంది. వాడు చెప్పులు విప్పి, నా పక్కనుంచే నన్ను చూడకుండా గదిలోకి వెళ్ళి, మంచం మీద అంచున కూర్చున్నాడు. అమ్మ ఎడమచేత్తో వాడి చొక్కా కాలరు పట్టుకుని దగ్గరికి లాక్కుంది. మాస్కు పక్కకి తోసేసి ఏదో అంది.

"వదినా, ఏమంటోంది అమ్మ?"

"నన్నడక్కండి" అంది మా ఆవిడ. "దుబాసీగారు అదుగో, అక్కడున్నారు."

వాడు తల తిప్పాడు. ఆరేళ్ళ తర్వాత నాతో అన్న మొదటి మాట, అన్నయ్యా అని కూడా లేకుండా, "ఏమంటోంది?"

నా నోట్లో ఊరు అన్న మాట తయారుగా ఉంది. అలవాటైపోయిన మాట, దానంతటదే వచ్చేస్తుంది. అమ్మ నా వంక చూస్తోంది. మాస్కు పక్కకి ఉంది, ఊపిరి ఎగపోస్తోంది, అయినా నేను చెప్పేదాకా పెట్టుకునేలా లేదు.

"నీ దగ్గరికి వస్తానంటోంది" అన్నాను.

అమ్మ అక్కడితో ఆపలేదు. ఒక మాట నిజంగా చేరవేశాను కదా, ఇంకా ఉన్నాయన్నట్టు మొదలుపెట్టింది. మాటకీ మాటకీ మధ్య దగ్గు. నాకు ముక్కలు ముక్కలుగా అందుతున్నాయి. అందినకొద్దీ నా చెవులు వేడెక్కుతున్నాయి.

"ఇంకా ఏదో అంటోందిగా. చెప్పు" అన్నాడు వాడు.

"ఇక్కడ పోతే..." అన్నాను. "ఇక్కడ పోతే నేను తనని కూడా నాన్నలాగే నీకు చెప్పకుండా ఎత్తుకుపోయి రైలెక్కించేస్తానంట. నువ్వొచ్చి నాతో కొట్టుకుంటావంట. నీ ఇంట్లో పోతే ఆ గొడవుండదంట. నువ్వు చెయ్యాల్సింది నువ్వు చేసుకుంటావంట."

వాడు నవ్వాడు. ఆ నవ్వుని నేను క్షమించలేదు, క్షమించను కూడా.

నేనేమో ఎనిమిది నెలలూ అమ్మకి వాడంటేనే ప్రేమ అని కుళ్ళిపోయాను. ప్రేమ అయితే ఎంత బాగుండేది. తన శవాన్ని పెద్దకొడుకు దొంగతనం చేస్తాడని భయపడి, చిన్నకొడుకు ఇంట్లో దాచుకోమంటోంది. వెంటనే నేను అమ్మ మంచం పక్క కూలబడి, ఆవిడ చెయ్యి నా నెత్తిన పెట్టుకుని, తప్పైపోయిందమ్మా అని ఏడ్చాను.

ఏడవలేదు. "నా కళ్ళజోడు ఎక్కడ పెట్టాను?" అంటూ బాల్కనీలోకి వెళ్ళిపోయాను. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది.

ఛాతీ కాస్త తేలికపడటానికి వారం పట్టింది. ఎనిమిదోరోజు మధ్యాహ్నం, ఎండ కాస్త వచ్చాక, తమ్ముడు కారు తెచ్చాడు. అమ్మని చేతుల కుర్చీలో కూర్చోబెట్టి, దుప్పటితో నడుం దగ్గర కుర్చీకి కట్టి, మెట్లు దింపడం మొదలుపెట్టాం. దీదీ చిన్న సిలిండర్ పట్టుకుని వెనక.

"వదినా, ఆయన్ని కిందవైపు పట్టుకోమనండి" అన్నాడు వాడు.

"బరువంతా కిందవైపే పడుతుంది. వాణ్ణి పట్టుకోమను, మిలిటరీవాడు కదా" అన్నాను.

"ఎయిర్‌ఫోర్స్‌ని మిలిటరీ అంటాడు. ముప్ఫై ఏళ్ళు చెప్పినా బుర్రకెక్కలేదు."

"ఎయిర్‌ఫోర్సే. ఎప్పుడైనా గాల్లోకి లేచావా? గోదాములో కూర్చుని బనీన్లు లెక్కపెట్టావు."

"నువ్వు దేశాన్ని నడిపావు మరి. సెక్షన్లో ఫ్యాను ఏ నంబర్లో తిరగాలో నిర్ణయించావు."

"ఇద్దరూ నోళ్ళు మూసుకుని దింపండి" అంది పైనుంచి మా ఆవిడ. "మధ్యలో మనిషి ఉంది."

మధ్యలో ఉన్న మనిషి ఎడమచెయ్యి చాచి, అందినవాడిని ఒక్కటి వేసింది. కుర్చీకి ఎడమవైపు నేనుండటం వల్ల నాకు తగిలింది. వాడికి కూడా వెయ్యాలని ప్రయత్నించింది గానీ అందలేదు.

ఆ మూడంతస్తులూ అమ్మని మేమిద్దరమే మోశామని పార్కులో చెప్పాను. ఒక అంతస్తు మోశాం. రెండో అంతస్తు మలుపులో ఇద్దరికీ రొప్పు వచ్చి గోడకి ఆనుకుపోతే, కింద ఇస్త్రీ బల్ల పెట్టుకునే భయ్యా, వాళ్ళ బావమరిది పైకొచ్చి, మమ్మల్ని పక్కకి జరగమని, గులాబీ కుండీ దింపినట్టు సునాయాసంగా దింపేశారు.

వెనక సీటు వాల్చి అమ్మని పడుకోబెట్టారు. పక్కన దీదీ, కొన్నాళ్ళు అక్కడ అలవాటయ్యేదాకా ఉంటానంది. ముందు సీట్లో ఆక్సిజన్ మిషన్. నాకు చోటు లేదు. ఉన్నా వాడు రమ్మనేవాడు కాదు.

స్టీరింగ్ ముందు కూర్చుని వాడు అద్దం దించాడు. "ఎప్పట్నించి అడుగుతోంది?"

"ఈ జబ్బు చేసినప్పట్నించీ" అన్నాను.

"వారమా?"

"ఆఁ."

మా ఆవిడ మందుల సంచి జిప్పు వేస్తోంది. వేసిన జిప్పు తీసి మళ్ళీ వేస్తోంది. ఆవిడ చెప్పదు. దీదీకి తెలుగు రాదు. అమ్మ చెప్పినా వాడికి తెలియదు. ఆ అబద్ధం బయటపడే దారి లోకంలో ఎక్కడా లేదు. వాడు ఇంజను ఆన్ చేశాడు. అమ్మ వెనక సీట్లోంచి నన్ను చూడటం లేదు, కారు పైకప్పుని చూస్తోంది. నేను ఏమి చెప్పినా ఇంక ఆవిడకి సంబంధం లేనట్టు.

"వారం కాదు" అన్నాను. "ఏప్రిల్ నుంచి."

వాడు ఇంజను ఆపాడు. వేళ్ళ మీద లెక్కపెట్టలేదు గానీ లెక్కపెడుతున్నాడని తెలుస్తోంది.

"ప్రతి ఆదివారం నేను అడిగాను."

"అడిగావు."

"ఊరన్నావు."

"అన్నాను."

"నీకేం ఒరిగింది?"

దీనికి జవాబు చెప్పాలని ఇప్పటికీ ఆలోచిస్తున్నాను. అప్పుడు మాత్రం, "నువ్వు గెలవకుండా ఉండాలని" అన్నాను. వాడు తిట్టుంటే బాగుండేది, నా దగ్గరా తిరుగు తిట్లు సిద్ధంగా ఉన్నాయి. వాడు అద్దం పైకెత్తేశాడు. కారు వెళ్ళిపోయింది.

పైకొచ్చేసరికి మా ఆవిడ అమ్మ మంచం మీద దుప్పట్లు తీసేస్తోంది. కాసేపటికి, "గుత్తొంకాయ వండనా?" అంది. అది జాలి కాదు, ఎత్తిపొడుపు. వద్దన్నాను.

మూడు వారాలు వాడు నా ఫోను ఎత్తలేదు. మా ఆవిడ ఫోనే ఎత్తేవాడు. అమ్మ బాగానే ఉందట, ఆకలి పెరిగిందట. నాలుగింటికి నాకు ఏమీ తోచేది కాదు. పార్కుకి వెళ్ళడం మానేశాను, అక్కడ అందరూ మీ అమ్మగారు ఊరు చేరారా అని అడుగుతున్నారు.

జనవరిలో మా ఆవిడ ఫోనుకి ఒక మెసేజ్ వచ్చింది. ఆదివారం పదకొండు నుంచి పన్నెండు దాకా రావచ్చు, వచ్చేముందు కబురు చెయ్యాలి, జలుబు ఉంటే రాకూడదు. కింద సంతకం ఒక్కటే తక్కువ. చదివి, "వీడి ఆర్డర్లు నాకా!" అని ఎగిరాను. పదిన్నరకే గురుగ్రామ్‌లో వాళ్ళ గేటు దగ్గరున్నాను. గార్డు పైకి ఫోను చేసి, "సర్, కోయీ అంకుల్ ఆయే హై" అన్నాడు, ఎవరో ముసలాయన వచ్చాడని. పైనుంచి జవాబు రావడానికి ఎంతసేపు పట్టిందో అక్కడ చలిలో నుంచున్నవాడికే తెలుసు.

వాడే తలుపు తీశాడు. తీసి, గుమ్మానికి అడ్డంగా నుంచున్నాడు.

"ఇంకా పదకొండు కాలేదు."

"టాక్సీ తొందరగా వచ్చింది."

వాడు జరగలేదు. నేను వెనక్కి తగ్గలేదు. వాడి కళ్ళ కింద నల్లగా ఉంది, చొక్కా మీద జావ మరక. మూడు వారాల్లో మనిషి నలిగిపోయాడు. అదీ నాకు కాస్త సంతోషంగానే ఉంది.

లోపలి గదిలోంచి అమ్మ గొంతు వచ్చింది. ముద్దగా, గట్టిగా, కోపంగా. ఇద్దరం అటు తిరిగాం. వాడు కాసేపు విన్నాడు. వాడికి ఒక్క మాట కూడా అందలేదని మొహం చూస్తేనే తెలుస్తోంది. నన్ను అడగడం వాడికి ఎంత కష్టమైందో, ఆ కష్టం పూర్తిగా చూసేదాకా నేను నోరు విప్పలేదు.

"ఏమంటోంది?"

"తలుపు వెయ్యమంటోంది. చలిగాలి కొడుతోందంట."

వాడు నా మొహంలోకి చూశాడు. అబద్ధం ఎక్కడుందా అని వెతుకుతున్నట్టు, కళ్ళు, నోరు, మళ్ళీ కళ్ళు. "నిజంగా అదేనా?"

"నిజంగా అదే" అన్నాను. అదే అంది. ఒక్క ముక్క కలపలేదు, తియ్యలేదు.

తలుపు వెయ్యాలంటే నేను లోపలైనా ఉండాలి, బయటైనా ఉండాలి. అమ్మ మళ్ళీ అరిచింది. వాడు ఒక అడుగు పక్కకి జరిగి, చెప్పులు బయటే విప్పమన్నాడు.